బరువు దిగింది, భారము దిగలేదు

ఈ నెల మేము ఎత్తుకున్న విషయము ఇంతవరకు మన పత్రికలో రాలేదు. ఇళ్లలో కూడా దీన్ని గురించి ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. స్త్రీలయితే భర్తకు కూడా చెప్పుకోరు. చదివేవారికి కొంచెం ఇబ్బందిగా ఉండవచ్చును. అయినా మన మధ్య బాధపడుతున్నవారు ఉన్నారు గనుక వ్రాయక తప్పలేదు.

గోదావరిఖనిలోని ఒక సంఘములో ఒక సహోదరి ఉన్నది. భర్త బొగ్గుబావిలో పని చేసి విరమణ పొందినవాడు. పిల్లలు స్థిరపడ్డారు. ఐదడుగుల ఎత్తు గల ఈమె ఒకప్పుడు 118 కిలోల బరువుండేది. షుగరు, బి.పి., మోకాళ్ల నొప్పులు. రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చునేది. ఆటోవాళ్లు ఎక్కించుకోవడానికి వెనుకాడేవారు. విరమణ డబ్బులలో నుండి కొంత తీసి, కొడుకులు కొంత వేసి, హైదరాబాదులో ఆమెకు కడుపు సంచిని చిన్నది చేసే ఆపరేషన్ చేయించారు. ఏడాదిన్నర గడిచేసరికి ఆమె 71 కిలోలకు వచ్చింది. షుగరు మాత్రలు సగమయ్యాయి. మెట్లెక్కగలుగుతున్నది. సంఘమంతా దేవునికి స్తోత్రము చెల్లించింది. ఆమె కూడా ముందుకు వచ్చి సాక్ష్యము చెప్పింది.

తరువాత కొన్ని నెలలకు ఆమె వెనుక బెంచీకి మారింది. మరికొన్నాళ్లకు తలుపు పక్కకు మారింది. ఆ తరువాత ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారము కూడా రావడము మానివేసింది. ఏమైనదోనని పాస్టరమ్మగారితో కలిసి మేము ఆమె ఇంటికి వెళ్లాము. మే నెల మధ్యాహ్నము. రామగుండము ఎండల సంగతి మీకు తెలుసు, 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్తవి కావు. ఆమె కూలరు ముందు కూర్చుని, నడుము చుట్టూ పాత నూలు చీర ముక్కలు చుట్టుకుని ఉన్నది.

"అమ్మగారూ, బరువైతే దిగింది గని ఈ తోలు దిగలే" అన్నది.

పొట్ట మీది చర్మము తొడల మీదికి ముసుగులాగా వేలాడుతున్నది. దాని కింద చెమట ఆరదు. ఒరుసుకొని పుండు పడుతుంది. పుండు మానకముందే తామర లేస్తుంది. ఆ తడికి వాసన. "పక్కన కూసున్నామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటదేమో అని భయం. పాట పాడుతున్నప్పుడు గూడ నా పానమంతా దాని మీదనే ఉంటది" అని చెప్పి తల వంచుకున్నది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అంతకు ముందే ఒకసారి ఆమె ఈ మాట మాతో అనబోతే మేము, "ఓర్చుకో అక్కా, ప్రాణము బాగుపడింది కదా, అందము సంగతి ఇప్పుడెందుకు?" అని నవ్వి వదలివేశాము. ఆమె మళ్లీ నోరు తెరవలేదు. తరువాత ఒక ఆసుపత్రి కౌంటరులో కూడా ఆమెకు అదే మాట ఎదురైంది. "ఇది అందం కోసం చేసే ఆపరేషన్, పథకంలో రాదు" అని కాగితము వెనక్కి ఇచ్చారు. పుండును ఎవరూ చూడలేదు. చూపించమని అడగలేదు కూడా.

అందమా, అవసరమా? ఈ ఒక్క ప్రశ్న మీదనే ఆమె బ్రతుకు ఆగి ఉన్నది. అందుకే దీన్ని మేము కొంత లోతుగా తెలుసుకోవాలనుకున్నాము.

చర్మము ఎందుకు వేలాడుతుంది?

చర్మములో సాగి తిరిగి యథాస్థితికి వచ్చే నారపోగులు ఉంటాయి. కాన్పు తరువాత పొట్ట కొంత మేరకు సర్దుకునేది వాటివల్లనే. కాని ఏళ్ల తరబడి లోపల కొవ్వు పెరిగి చర్మము సాగిపోతే ఆ పోగులు తెగిపోయి బలహీనపడతాయి. కొవ్వు కరిగినా చర్మము వెనక్కి రాదు. వయస్సు పైబడినవారిలో, ఎక్కువ కాన్పులు అయినవారిలో, పొగ త్రాగేవారిలో, మరీ ఎక్కువ బరువు తగ్గినవారిలో ఇది ఎక్కువ. పొట్ట, తొడలు, చంకలు, రొమ్ముల కింది భాగము, చేతుల పైభాగము వేలాడతాయి. బజారులో అమ్మే పూతలు, నూనెలు, నడుముపట్టీలు ఈ చర్మమును వెనక్కి తీయలేవు. వ్యాయామము కండరమును గట్టిపరుస్తుంది గాని సాగిపోయిన చర్మమును తగ్గించదు. ఆమె బద్ధకము వల్ల ఇట్లా ఉన్నదని ఎవరైనా అంటే అది తెలియక అన్న మాట.

ముడతల మధ్య గాలి ఆడదు. చెమట, రాపిడి, వేడి కలిసినచోట చర్మము పాసి, దానిమీద బూజు జాతి క్రిములు చేరతాయి. షుగరు ఉన్నవారిలో అది త్వరగా పుండవుతుంది, ఆలస్యంగా మానుతుంది. ఇంగ్లీషు వైద్యములో దీన్ని ఇంటర్‌ట్రైగో అంటారు. మనవారు చేసే పొరపాటు ఏమిటంటే, మందుల షాపులో అడిగి ఏదో ఒక ట్యూబు తెచ్చి రుద్దుకోవడము. వాటిలో చాలావాటికి స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు మంట తగ్గినట్టుండి, తామర మరింత మొండిగా పాకుతుంది, చర్మము పలుచబడుతుంది. ఈ కారణముగానే 2018లో కేంద్ర ప్రభుత్వము స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలో చేర్చింది.

ఇది ఏదో ఒకరిద్దరి సమస్య అనుకోకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల వయస్సుగలవారిలో నూరుగురు స్త్రీలలో 30 మంది, నూరుగురు పురుషులలో 32 మంది ఉండవలసినదానికంటె ఎక్కువ బరువున్నారు. బరువు తగ్గించే ఆపరేషన్లు ఇప్పుడు కార్పొరేటు ఆసుపత్రులకే పరిమితము కాదు. 2023లో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి వైద్యులు సుమారు 240 కిలోల బరువున్న ఒక యువకునికి ఈ ఆపరేషన్ ఉచితముగా చేశారు. బరువు తగ్గేవారు పెరిగినకొద్దీ, తగ్గిన తరువాత మిగిలే చర్మముతో అవస్థపడేవారు కూడా పెరుగుతారు. మొదటి సగానికి దారి తెరిచి, రెండవ సగానికి తలుపు వేస్తే వైద్యము పూర్తి అయినట్టా?

నియమాలు ఏమంటున్నాయి?

ప్రభుత్వ పథకాలు అందము కోసము చేసే చికిత్సలకు డబ్బివ్వవు. 2018 సెప్టెంబరులో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకములో వర్తించని చికిత్సల వరుసలో సౌందర్య చికిత్సలు ఉన్నాయి. తెలంగాణ 2021లో ఆ పథకములో చేరి ఆరోగ్యశ్రీతో కలిపి నడుపుతున్నది. ఈ నియమము అన్యాయమని మేము అనము. ఖజానాలో ఉన్న సొమ్ముకు హద్దు ఉన్నది. డయాలసిస్ కోసము వారానికి రెండుమూడుసార్లు తిరిగేవారు, గుండె ఆపరేషన్ కోసము ఎదురుచూసే పసిబిడ్డలు ఉన్నచోట, ముఖము నునుపు చేయించుకోవడానికి ప్రజల సొమ్ము ఇవ్వమని ఎవరూ అడగరు.

కాని ఆ ఒక్క మాటతోనే లెక్క తేలిపోదు. 2019లో మన దేశపు బీమా నియంత్రణ సంస్థ ఆరోగ్య బీమా కంపెనీలన్నిటికి ఒకే రకమైన మినహాయింపులు ఏర్పరచింది. అందులో ప్లాస్టిక్ సర్జరీ గురించిన నిబంధనను మేము చదివించుకున్నాము. రూపము మార్చుకోవడానికి చేసే చికిత్సకు డబ్బు రాదు. అయితే ప్రమాదము, కాలిన గాయము, క్యాన్సరు తరువాత చేసే పునర్నిర్మాణమునకు వస్తుంది. అంతేకాదు, రోగి ఆరోగ్యానికి నేరుగా, తక్షణముగా ఉన్న ముప్పును తొలగించే చికిత్సలో భాగమైతే కూడా వస్తుంది. అది వైద్యపరముగా అవసరమని చికిత్స చేస్తున్న డాక్టరు ధ్రువీకరించాలి.

అదే ఉత్తర్వులో స్థూలకాయపు ఆపరేషన్‌కు మాత్రము అంకెలతో కూడిన కొలత ఉన్నది. ఎత్తునకు బరువునకు మధ్య నిష్పత్తి, అంటే బి.ఎం.ఐ., 40గాని అంతకంటె ఎక్కువగాని ఉండాలి. లేదా 35 ఉండి తీవ్రమైన జబ్బులు తోడై ఉండాలి. మన సహోదరికి మొదట్లో అది 51 ఉండేది. ఇప్పుడు 31కి దగ్గరగా ఉన్నది. బరువు తగ్గడానికి కొలత ఉన్నది, మిగిలిన చర్మానికి కొలత లేదు. కొలత లేనిచోట అంతా డాక్టరు వ్రాసే నాలుగు వాక్యాల మీద, కౌంటరులో కూర్చున్నవారి అర్థము మీద ఆధారపడుతుంది. డాక్టరు "వేలాడు చర్మము" అని మాత్రమే వ్రాస్తే అది అందము కింద పోతుంది. "మూడు నెలలు మందులు వాడినా మానని పుండు, నడకకు ఆటంకము" అని వ్రాస్తే అది జబ్బు అవుతుంది. శరీరము ఒకటే, బాధ ఒకటే. కాగితము మీద మాట మారింది.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎట్లా విప్పుకున్నాయో చూద్దాము. ఆస్ట్రేలియాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకము ఈ ఆపరేషన్‌కు సహాయము చేస్తుంది గాని షరతులు పెట్టింది. బి.ఎం.ఐ. కనీసము 5 అంకెలు తగ్గి ఉండాలి. తగ్గిన బరువు ఆరు నెలలపాటు నిలకడగా ఉండాలి. చర్మపు ముడతలలో వచ్చిన వ్యాధి మూడు నెలల చికిత్సకు కూడా లొంగకుండా ఉండాలి. రోజువారీ పనులకు అడ్డము వస్తూ ఉండాలి. అందములో ఎంత మార్పు వస్తుందని వారు అడగడము లేదు. పుండు మానిందా, పని చేసుకోగలుగుతున్నదా అని అడుగుతున్నారు. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసేవ ఈ ఆపరేషన్‌ను అందరికీ మామూలుగా చేయదు. ఒక్కొక్కరి అవసరమును విడిగా విచారించి, అరుదుగా అనుమతి ఇస్తుంది.

మన దేశములోనే తమిళనాడు ప్రభుత్వము 2018 ఫిబ్రవరిలో చెన్నైలోని స్టాన్లీ ఆసుపత్రిలో రొమ్ముకు సంబంధించిన ప్లాస్టిక్ సర్జరీలు పేదలకు ఉచితముగా చేయడము ఆరంభించింది. డబ్బున్నవారికి దొరికే చికిత్స పేదవారికి ఎందుకు దొరకకూడదు అని దాన్ని సమర్థించినవారు అడిగారు. ప్రాణములు తీసే రోగాలు ఎన్నో ఉండగా ఇదేమిటని విమర్శించినవారూ ఉన్నారు. రెండు వైపులా న్యాయము ఉన్నది. అందువల్లనే మనకు కావలసినది జాలితో తీసిన తలుపు కాదు, అందరికీ ఒకేవిధముగా వర్తించే కొలత.

డిచ్‌పల్లి, వెల్లూరు నేర్పిన పాఠము

రూపమునకు ఆరోగ్యమునకు మధ్య గీత ఎక్కడ గీయాలి అనే ప్రశ్న క్రైస్తవ వైద్యసేవకు కొత్తది కాదు. మనకు దగ్గరలోని నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915 ప్రాంతములో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ, ఆమె భర్త కలిసి కుష్ఠురోగుల కొరకు ఆసుపత్రి స్థాపించారు. ఊరు వెలివేసినవారికి అది ఊరు అయింది. ఆ రోజులలో వ్యాధిని అదుపు చేయడమే గొప్ప సంగతి. వంకరపోయిన వేళ్లను గురించి, కూలిపోయిన ముక్కును గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

ఆ ఆలోచన చేసినవాడు వెల్లూరులో డాక్టరు పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనెరీ తల్లిదండ్రులకు 1914లో పుట్టాడు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చి, కుష్ఠువల్ల మడుచుకుపోయిన చేతులను కండరాల స్నాయువుల దారులు మార్చి తిరిగి తెరిచే ఆపరేషన్లు అభివృద్ధి చేశాడు. అయితే చేతులు బాగైనవారిని కూడా ఊరు పనిలో పెట్టుకోలేదు. కనుబొమలు రాలి, ముక్కు అణగిన ముఖమును చూసి తలుపు వేసుకునేవారు. అప్పుడు బ్రాండ్, ఆయన తోటివారు తలమీది చర్మముతో కనుబొమలు కట్టారు, ముక్కులు నిలబెట్టారు. కనుబొమ లేకపోతే ప్రాణము పోదు. కాని కనుబొమ లేక ఒక మనిషికి కూలి దొరకలేదు, పెండ్లి కాలేదు, బస్సులో చోటు దొరకలేదు. దాన్ని అందము కోసము చేసిన పని అని ఈ రోజు ఎవరైనా అనగలరా? కుష్ఠు వైకల్యమును సరిచేసే ఆపరేషన్లను ఇప్పుడు మన ప్రభుత్వమే జాతీయ కార్యక్రమములో భాగముగా ఉచితముగా చేయించి, రోగికి సహాయధనము కూడా ఇస్తున్నది.

ఆరోగ్యశ్రీలో కూడా ఈ తెలివి లేకపోలేదు. పుట్టుకతో చీలిన పెదవిని కుట్టడము, కాలిన గాయము ముడుచుకొని మెడ ఛాతీకి అంటుకుపోతే దాన్ని విడదీయడము ఆ పథకములో ఉన్నాయి. వాటివల్ల రూపమూ బాగుపడుతుంది, పనీ సాగుతుంది. రెండింటినీ విడదీయలేమని పథకము వ్రాసినవారికి తెలుసు. ముడత కింద మానని పుండుతో నడవలేకపోతున్నవారిని కూడా అదే తెలివితో చూడమని మనము అడుగుతున్నాము.

లూకా సువార్త 13వ అధ్యాయములో పదునెనిమిది ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీని మీరు ఎరుగుదురు. ప్రభువు ఆమెను బాగుచేసినప్పుడు సమాజమందిరపు అధికారి కోపగించాడు. స్వస్థత తప్పు అని అతడు అనలేదు. రోజు తప్పు అన్నాడు. పని చేయడానికి వేరే దినములు ఉన్నాయి, అప్పుడు రమ్మన్నాడు. అతని చేతిలో నియమము ఉన్నది. ప్రభువు నియమమును కొట్టివేయలేదు. మీ ఎద్దును గాడిదను విప్పి నీళ్లకు తోలుకొనిపోతారు కదా అని అదే నియమములో ఉన్న కనికరమును వారికి చూపించాడు. ఆమెను అబ్రాహాము కుమార్తె అని పిలిచి సంఘము మధ్యలో నిలబెట్టాడు. మన సహోదరి వెనుక బెంచీ నుండి తలుపు పక్కకు, అక్కడ నుండి ఇంటికి జరిగిపోయింది. ఆమెను మధ్యకు పిలిచేవారు ఎవరు?

మన ప్రాంతములో ఉన్న దారులు

రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 పాళ్లుగా ఉన్న సింగరేణి సంస్థకు కొత్తగూడెములో ప్రధాన ఆసుపత్రి, గోదావరిఖని మొదలైనచోట్ల ఏరియా ఆసుపత్రులు ఉన్నాయి. పర్మినెంటు కార్మికులు, వారి మీద ఆధారపడినవారు ముందు అక్కడ చూపించుకొని, అవసరమైతే రిఫరల్ మీద పెద్ద ఆసుపత్రులకు వెళ్తారు. విరమణ పొందినవారికి, వారి భార్యకు లేక భర్తకు చందా కట్టి చేరే వైద్యపథకము వేరుగా ఉన్నది. కాంట్రాక్టు పనివారికి, కూలీలకు, చుట్టుపక్కల పల్లెల రైతులకు ఆరోగ్యశ్రీ ఆధారము. 2007లో ఉమ్మడి రాష్ట్రములో మూడు జిల్లాలలో మొదలైన ఆ పథకము పరిమితిని తెలంగాణ ప్రభుత్వము 2023 డిసెంబరు 9 నుండి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచింది. 2022 నవంబరులో రామగుండములో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనందున స్పెషలిస్టు డాక్టరును చూడడానికి ప్రతిసారీ భాగ్యనగర్ రైలెక్కే అవసరము కొంత తగ్గింది. ప్లాస్టిక్ సర్జరీ విభాగములు హైదరాబాదులో ఉస్మానియా, నిమ్స్‌లో ఉన్నాయి.

ఏ పథకమైనా మొదటి మెట్టు ఒకటే: పుండుతో చర్మవ్యాధుల డాక్టరును కలవండి. నేరుగా వెళ్లి "తోలు తీసివేయండి" అంటే జవాబు కాదు అనే వస్తుంది. డాక్టరు వ్రాసిన మందులు వాడి, మళ్లీ మళ్లీ చూపించుకోండి. ప్రతిసారీ చీటీని దాచండి. ఆమె దగ్గర చూస్తే ఏడు నెలల చీటీలలో రెండు మాత్రమే మిగిలాయి. తక్కినవి మనుమడు పడవలు చేసి ఆడుకున్నాడు. మేమందరము నవ్వుకున్నాము గాని తరువాత ఆ చీటీల విలువ తెలిసి బాధపడ్డాము.

ఫైలులో ఉండవలసినవి ఇవి. బరువు తగ్గకముందు ఎంత ఉన్నది, ఇప్పుడెంత, ఎన్నాళ్లుగా నిలకడగా ఉన్నదన్న వివరములు. తేదీలతో డాక్టరు చీటీలు, వాడిన మందుల బిల్లులు. పుండు ఉన్నప్పుడు ఆసుపత్రిలోనే సిస్టరమ్మల చేత తీయించిన ఫొటోలు. నడక, స్నానము, వంట, నిద్ర వీటిలో దేనికి ఎంత ఆటంకమో డాక్టరు స్వయముగా వ్రాసిన మాట. షుగరు, రక్తము పరీక్షల కాగితములు. ఆరోగ్యశ్రీ ఉన్న ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర కూర్చుంటారు. డాక్టరు సూచించిన ఆపరేషన్ పథకములో ఏ పేరు కింద వస్తుందో ఆయనను అడగండి, ముందస్తు అనుమతికి పంపించమనండి. ఇంటి నుండి 104కు ఫోను చేసి కూడా అడగవచ్చును. సొంతముగా బీమా పాలసీ ఉన్నవారు పైన చెప్పిన నిబంధనను చూపించి డాక్టరు ధ్రువపత్రము జతచేయాలి. కంపెనీ కాదంటే ఆ జవాబును కాగితము మీద తీసుకోండి. నోటిమాట మీద అప్పీలు చేయలేము. పథకములేవీ అందనప్పుడు నిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థలో చికిత్సకు ముఖ్యమంత్రి సహాయనిధి నుండి ముందుగా ఎల్.ఓ.సి. అడిగే దారి కూడా ఉన్నది.

ఆపరేషన్ అంటే ఆట కాదు

ఈ ఆపరేషన్‌లో రెండు రకాలు ఉన్నాయి. వేలాడే పొట్ట చర్మమును, దానికింది కొవ్వును కోసి తీసివేయడము పాన్నిక్యులెక్టమీ. దానితోపాటు కండరములను బిగించి, బొడ్డును సరియైన చోట అమర్చి పొట్టను తీర్చిదిద్దడము అబ్డామినోప్లాస్టీ. మొదటిదాన్ని అవసరమని, రెండవదాన్ని అందమని పథకాలు సాధారణముగా చూస్తాయి. కాగితము మీద ఏ పేరు ఉన్నదో మీరు కూడా చూసుకోండి.

బరువు తగ్గించే ఆపరేషన్ అయిన వెంటనే దీన్ని చేయరు. ఏడాది, ఏడాదిన్నర గడిచి, బరువు ఆరు నెలలు కదలకుండా నిలిచిన తరువాతనే చేస్తారు. తిండి తక్కువైనందున ఈ రోగులలో రక్తము, మాంసకృత్తులు, బి12 విటమిను తక్కువగా ఉంటాయి. అవి సరిపడకపోతే కుట్లు మానవు. షుగరు అదుపులో ఉండాలి. పొగ త్రాగేవారు ముందే మానాలి. ఒక తుంటి నుండి మరొక తుంటి వరకు మచ్చ మిగులుతుంది. కుట్లు విడిపోవచ్చును, చీము పట్టవచ్చును, లోపల నీరు చేరవచ్చును, కాలి నరములో రక్తము గడ్డకట్టవచ్చును. ఇవన్నీ చెప్పి సంతకము తీసుకోని డాక్టరు దగ్గర చేయించుకోకండి. ఆపరేషన్ తరువాత తిరిగి బరువు పెరిగితే పడ్డ శ్రమ వ్యర్థమవుతుంది.

ఆపరేషన్ అయ్యేదాకా, లేక అసలు వద్దనుకున్నా, ఇంట్లో చేసుకోవలసిన జాగ్రత్తలు ఉన్నాయి. రోజుకు రెండు పూటలా ముడతల మధ్య మంచినీళ్లతో, మెత్తని సబ్బుతో కడగాలి. రుద్దకుండా, ఉతికిన నూలు గుడ్డతో అద్ది తడి పూర్తిగా ఆర్చాలి. ముడతల మధ్య పొడి నూలుగుడ్డ పరచి, తడిసినప్పుడల్లా మార్చాలి. నైలాను లోదుస్తులు మానాలి. డాక్టరు వ్రాసిన పొడి, పూత తప్ప పసుపు, సున్నము, కిరోసిను వంటివి పెట్టకూడదు. చీము, జ్వరము, ఎర్రగా పాకే వాపు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

సంఘము చేయవలసినది

ఈ సంగతిలో డాక్టరు చేయలేని పని ఒకటి సంఘము చేయగలదు. సిగ్గును తీయగలదు. మేము మొదట చేసిన తప్పు మీరు చేయకండి. లావుగా ఉన్నప్పుడు తిండిపోతు అని, సన్నబడ్డాక తోలుబొమ్మ అని అనే నోళ్లు మన మధ్యనే ఉన్నాయి. దేవుడిచ్చిన శరీరానికి కత్తి ఎందుకు అని అడిగిన విశ్వాసులు కూడా ఉన్నారు. కంటి పొరకు, బిడ్డ అడ్డము తిరిగితే కాన్పుకు కత్తి పట్టించుకునే మనము ఈ ఒక్క పుండు దగ్గర మాత్రము ఆ ప్రశ్న వేయడము న్యాయమా? శరీరములో ఘనత తక్కువవిగా తోచే అవయవములకే ఎక్కువ ఘనత ఇవ్వాలని అపొస్తలుడు కొరింథీయులకు నేర్పించిన సంగతిని మనము ప్రసంగములలో సంఘమునకు అన్వయిస్తాము. ఒకసారి ఉన్నది ఉన్నట్టుగా శరీరానికే అన్వయించి చూద్దాము.

స్త్రీల మైత్రి సభ్యులు ఇటువంటివారి వద్దకు ఇద్దరిద్దరుగా వెళ్లండి. పదిమందిగా వెళ్లి ప్రార్థన చేసి రాకండి. ఒకరు ఫైలు సర్దడములో సహాయము చేయండి, మరొకరు ఆసుపత్రికి తోడు వెళ్లండి. చదువుకున్న యువకులు పథకపు కాగితములు చదివి చెప్పండి. సంఘములో ఉన్న నర్సులు, కంపౌండర్లు కట్టు కట్టడము నేర్పండి. మందిరములో ఫ్యాను కింద ఒక కుర్చీ ఆమె కొరకు ఉంచండి, దాన్ని గురించి మాట్లాడకండి. కార్మిక సంఘాలలో పని చేసే మన సహోదరులు యాజమాన్యముతో వైద్య సౌకర్యముల మాట వచ్చినప్పుడు ఈ ఒక్క అంశము కూడా చేర్చండి: మూడు నెలలు మందులకు మానని పుండు, ఆరు నెలలు నిలిచిన బరువు, నడకకు ఆటంకము, ఈ మూడూ ఉన్నవారి ఆపరేషన్‌ను సౌందర్య చికిత్స అని తోసివేయకుండా వైద్యముగా విచారించాలని. ఇది పెద్ద కోరిక కాదు.

మేము ఇది వ్రాస్తున్న సమయానికి ఆ సహోదరికి ఆపరేషన్ కాలేదు. ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జను ఆమెను చూశాడు. ముడత ఎత్తి చూసిన మొదటి డాక్టరు ఆయనే అని ఆమె చెప్పింది. రక్తము తక్కువగా ఉన్నది, మూడు నెలలు మందులు వాడి రమ్మన్నాడు. ఫైలులో ఆయన వ్రాసిన నాలుగు వాక్యాలు ఉన్నాయి. పథకము వారు ఏమంటారో తరువాతి సంగతి.

పోయిన ఆదివారము ఆమె మందిరానికి వచ్చింది. పాస్టరమ్మగారు ఆమె చెయ్యి పట్టుకొని తన పక్కన మూడవ వరుసలో కూర్చోబెట్టుకున్నారు. ప్రభువు బల్ల దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్లారు. ఆమె ఆపరేషన్ కొరకు, అట్లాగే మీ సంఘములలో ఈ బాధను ఎవరికీ చెప్పుకోలేక తలుపు పక్కకు జరిగినవారి కొరకు ప్రార్థించండి. ప్రార్థించి లేచిన తరువాత, ఈ వారము వెనుక బెంచీలో ఎవరు కనిపించడము లేదో ఒకసారి చూడండి.